కప్పు తెరిచే బండి

డులూత్‌లో బండిని అడుగు నుంచి చదవాలి.
ఆరు నెలలు మేం రోడ్డుకి ఉప్పు తినిపిస్తాం,
తక్కిన ఆరు నెలలూ ఆ ఉప్పు మా ఇనుమును తింటుంది.
పైన పటారం, లోన లొటారం,
నా షెడ్డుకొచ్చే పాతబళ్ళలో సగం ఇంతే.
తుమ్మితే ఊడే సైలెన్సర్లు.

ఐలీ కొస్కెలా డబ్బు కట్టకముందే
బండిని నా దగ్గరికి తెచ్చింది. అక్కడే మెచ్చుకున్నాను.
సొలారా, రెండువేల ఆరు. లేత ఆకుపచ్చ, గుడ్డ టాపు.
లక్షా పన్నెండు వేల మైళ్ళు.
అరిజోనాలో ఓ పళ్ళ డాక్టరుదట,
మంచు మొహమే చూడలేదట.
అటల మీద బండి నడవదు.
లిఫ్టు ఎక్కించాను.

నేను కింద టార్చి వేస్తుంటే
ఆమె జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి
తలుపుల అంచుల వెంట నడిపించింది.
ఒక్కచోట పట్టు జారింది.
"ఇక్కడ పుట్టీ," అంది.
నిజమే. నేను చూడనే లేదు.

దించాక డ్రైవరు సీట్లో కూర్చుంది.
ఇంజను ఆన్ చెయ్యలేదు, అద్దం సర్దుకోలేదు.
ఇరవై నిమిషాలు, గోడ గడియారం చూసుకుని మరీ.
"నడుము ఏమంటుందో విందామని."
తర్వాత మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా అడిగింది.
నేను టాపు మీద పోస్తుంటే
తను లోపల తలుపేసుకుని
కుట్లన్నీ వేలితో తడిమింది.
వెనకద్దం మూల ఒక్క చుక్క.
దాన్ని చూపుడువేలి మీద బయటికి తెచ్చి నాకు చూపించింది.

చెప్పాల్సింది చెప్పాను:
ఇంజను బంగారం. టైమింగ్ బెల్టు మార్చిన దాఖలా లేదు.
టాపు లేపే పంపు ముసలిది,
సగం దాకా వెళ్ళి ఆగి ఆలోచించుకుంటుంది.
ఇదే డబ్బుకి ఇదే బండి కూపే వస్తుంది, గట్టి కప్పుతో.
ఇక్కడ ఏడాదికి ఐదు నెలలేగా నువ్వు టాపు తీసేది?

"నాలుగు," అంది.

కాసేపాగి,
"ఇరవై ఏడేళ్ళు అంబులెన్సులో పనిచేశాను.
తాళం తిప్పగానే కదలని బండి ఎంత ఖరీదో
నాకు తెలుసు. ఇది కదులుతుంది, విన్నాను.
వెనక పడుకున్నవాళ్ళు అడిగేవాళ్ళు, ఎక్కడున్నాం అని.
వంతెన దిగుతున్నాం, సరస్సు కనబడుతోంది,
ఖనిజం ఓడ ఒకటి వస్తోంది, అనేదాన్ని.
వాళ్ళకి కనబడేది తెల్ల కప్పు. ఒక లైటు. మరలు.
ఒకాయన మరలు లెక్కపెట్టాడు.
పదకొండు దాకా."

నేను పానాల పెట్టెలో
అక్కర్లేని పానా ఒకటి వెతికాను.

ఖర్చుల చిట్టా రాయమంది. రాశాను.
ఆ కాగితం తీసుకెళ్ళి అమ్మేవాడి దగ్గర
తొమ్మిది వందల డాలర్లు కోయించుకొచ్చింది.
చుక్క కారిన మూలకి ఓ యాభై అదనంగా.

అక్టోబరు రెండోవారానికి పని పూర్తయింది.
బెల్టు కొత్తది, పంపు కొత్తది.
మీట నొక్కితే టాపు ఒకే ఊపులో వెనక్కి వెళ్ళింది,
నాకే ఆశ్చర్యం.
ఐలీ కోటు జిప్పు మెడదాకా లాక్కుని
హీటరు పాదాల వైపు తిప్పి
బయటికి పోనిచ్చిందనుకుంటారేమో. లేదు.
నా షెడ్డు ముందే, డంపింగ్ డబ్బా పక్కనే,
సీటు పూర్తిగా వెనక్కి వాల్చి
చేతులు పొట్ట మీద పెట్టుకుని పడుకుంది.
పైన బూడిదరంగు, అందులో మరో బూడిదరంగు.
సీగల్ పక్షి ఒకటి అడ్డంగా పోయింది.
పెదాలు కదులుతున్నాయి, ఏం లెక్కపెడుతోందో.

బిల్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.
పిలవబుద్ధి కాలేదు.

ఎడమ స్పీకరు పలకదని
చెప్పడం మర్చేపోయాను.